అమెరికా యూనియన్ స్టేషన్‌ని బెజవాడ జంక్షన్‌తో పోల్చాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

స్కెచ్_కృష్ణలంక:

అందరికీ నమస్కారం. బి.ఆర్క్ మూడో ఏడు. ఈ సెమిస్టర్‌లో నాకు పడిన పని, బెజవాడ జంక్షన్‌ని అమెరికాలోని ఒక పాత పెద్ద స్టేషన్‌తో పోలుస్తూ నాలుగు ఏ1 షీట్లు గీయడం. నెట్‌లో ఎంత వెతికినా ముందువైపు స్తంభాలు, లోపల పెద్ద హాలు, గడియారం, ఇవే ఫోటోలు. బండి ఎక్కడ ఆగుతుందో, హాల్లో కూర్చున్న మనిషి బండి దాకా ఎలా వెళ్తాడో ఒక్కదాంట్లోనూ కనబడటం లేదు.

నా సందేహాలు: డిపో, స్టేషన్, టెర్మినల్, యూనియన్ స్టేషన్ అని నాలుగు మాటలు వాడుతున్నారు, తేడా ఏమిటి? హాలు అంత పెద్దది దేనికి? మనకి గేటు దాటితే ఒకటో నంబరు ప్లాట్‌ఫారమే కదా. బండ్లన్నిటినీ కప్పేసే పెద్ద ఆర్చీ షెడ్లు అక్కడ ఎందుకు మిగల్లేదు? న్యూయార్క్ పెన్ స్టేషన్ అంత గొప్పదైతే అరవై ఏళ్లు కూడా నిండకుండా ఎందుకు కూలగొట్టారు? పోలికకి న్యూయార్క్‌లోనే ఉన్న గ్రాండ్ సెంట్రల్ స్టేషన్ తీసుకుందామనుకుంటున్నాను, సరైనదేనా? గైడ్‌కి వచ్చే సోమవారం చూపించాలి.


లైన్‌క్లియర్:

ముందు మాటలు తేల్చుకుందాం, లేకపోతే షీటు మీద హెడ్డింగులే తప్పు పడతాయి.

అమెరికా రైల్వే రూల్సు పుస్తకాల్లో స్టేషన్ అంటే బిల్డింగు కాదు, టైంటేబుల్‌లో పేరు పడిన చోటు. అక్కడ పాక కూడా ఉండక్కర్లేదు. బిల్డింగు డిపో, ముఖ్యంగా చిన్న ఊళ్లలో. మనకి డిపో అనగానే బస్సులు గుర్తొస్తాయి, ఆ అర్థం కాసేపు పక్కన పెట్టండి. లైను అక్కడితో ఆగిపోతే టెర్మినల్. యూనియన్ అంటే వేర్వేరు కంపెనీల బండ్లు ఒకే స్టేషన్‌కి రావడం. కార్మిక సంఘానికీ దానికీ సంబంధం లేదు.

ఈ యూనియన్ అన్న మాట ఎందుకు పుట్టిందో తెలిస్తే సగం చరిత్ర తెలిసినట్టే. అక్కడ రైల్వేలన్నీ ప్రైవేటు కంపెనీలవి. ఎవరి లైను వాళ్లది, ఎవరి స్టేషన్ వాళ్లది. షికాగోలో ఒక దశలో ఆరు పెద్ద స్టేషన్లు ఉండేవి. తూర్పు నుంచి ఒక స్టేషన్‌లో దిగినవాడు పడమటికి పోవాలంటే సామానుతో ఊరు దాటి ఇంకో స్టేషన్‌కి వెళ్లాలి. అలా జనాన్ని, పెట్టెల్ని మోయడానికే ఒక ట్రాన్స్‌ఫర్ కంపెనీ నడిచింది. ఈ తిప్పలు తప్పించడానికి కంపెనీలు కలిసి ఒక ఉమ్మడి సంస్థ పెట్టి, దాని పేరు మీద స్టేషన్ కట్టించేవి. ఇండియానాపొలిస్‌లో 1853లో తెరిచినదాన్ని ఇలాంటివాటిలో మొదటిదిగా చెబుతారు. సెయింట్ లూయిస్‌లో ఉమ్మడి సంస్థ 1889లో ఏర్పడితే, స్టేషన్ 1894లో తెరిచారు. ఖర్చు పంచుకునే లెక్కలు, ఏ కంపెనీకి ఎన్ని లైన్లు, ఏ గేటు ఎవరిది అన్న పేచీలు ప్లానులో కూడా కనబడతాయి. టికెట్ కౌంటర్ల వరస అంత పొడుగ్గా ఉండటానికి ఒక కారణం అదే.

రెండోది, షీటుకి ఇంకా ముఖ్యమైనది: బండి స్టేషన్‌ని దాటి పోతుందా, గోడకి మొహం పెట్టి ఆగుతుందా? బెజవాడ చూడటానికి దాటిపోయే స్టేషనే. కానీ వరంగల్ మీదుగా వచ్చి విశాఖ వైపు వెళ్లే బండికి ఇక్కడ ఇంజిన్ ఆ చివరి నుంచి ఈ చివరికి మారుతుంది, ఎందుకంటే ఆ రెండు లైన్లూ స్టేషన్‌కి ఉత్తరం వైపునే కలుస్తాయి. గుంటూరు మీదుగా వచ్చే విశాఖ బండికి ఆ బాధ లేదు. అంటే బెజవాడ కొన్ని బండ్లకి దాటిపోయే స్టేషన్, కొన్నిటికి టెర్మినల్‌లాంటిది. పోలిక మొదలుపెట్టాల్సింది ఇక్కడ. ముందువైపు ఎలివేషన్ దగ్గర కాదు.

టెర్మినల్‌లో వచ్చే చిక్కేమిటంటే, ఆవిరి ఇంజిన్ ముందుండి లోపలికి లాక్కొస్తే అది గోడకీ పెట్టెలకీ మధ్య ఇరుక్కుపోతుంది. వెనక నుంచి ఇంకో ఇంజిన్ వచ్చి పెట్టెలు లాగేదాకా కదల్లేదు. సెయింట్ లూయిస్ వాళ్లు దీనికి ఒక ఉపాయం చేశారు. బండి స్టేషన్ దాటి ముందుకి పోయి, వై ఆకారంలో వేసిన లైన్ల మీద మళ్లుకుని, వెనక్కి నడుచుకుంటూ షెడ్డులోకి వచ్చేది. ఇంజిన్ షెడ్డు బయటి కొసన ఉంటుంది, పెట్టెలు హాలు పక్కకి వస్తాయి, బయల్దేరేటప్పుడు నేరుగా ముందుకే. పోయేది టైము. లోపలికి రావడానికే నిమిషాలకి నిమిషాలు పడుతుంది. గ్రాండ్ సెంట్రల్‌లో అదే పనికి లైన్లని గుండ్రంగా తిప్పేశారు, పై అంతస్తులో ఒక లూపు, కింద ఒక లూపు.

టెర్మినల్‌లో బ్రేకు పడకపోతే ఏమవుతుందో కూడా రాసుకోండి. 1953 జనవరి 15న వాషింగ్టన్ యూనియన్ స్టేషన్‌లోకి బోస్టన్ నుంచి వస్తున్న ఫెడరల్ ఎక్స్‌ప్రెస్‌లో మూడో పెట్టె వెనక యాంగిల్ కాక్, అంటే బ్రేకు గాలి గొట్టం మీది కవాటం, మూసుకుపోయింది. దాంతో ఇంజిన్‌కీ మొదటి మూడు పెట్టెలకీ మాత్రమే బ్రేకు పడింది. వెనకున్నవన్నీ నెట్టుకుంటూ వచ్చాయి. ఇంజిన్ లైను చివర బండిని ఆపే బఫర్‌ని విరగ్గొట్టుకుని కాన్‌కోర్సులోకి, అంటే హాలుకీ ప్లాట్‌ఫారాలకీ మధ్య జనం నడిచే చోటులోకి, దూసుకొచ్చింది. ఆ నేల కింద లగేజీ గదులున్నాయి. జనం నడవడానికి వేసిన స్లాబు 200 టన్నులు దాటిన ఇంజిన్‌ని మోయలేక కూలి, అది కింది అంతస్తులోకి పడింది. ముందే ఫోన్ రావడంతో జనాన్ని ఖాళీ చేయించారు, ఎవరూ చనిపోలేదు. ఐదు రోజుల్లో అధ్యక్షుడి ప్రమాణ స్వీకారం ఉంది కాబట్టి ఇంజిన్‌ని గుంతలోనే ఉంచి పైన తాత్కాలికంగా నేల పరిచి జనాన్ని నడిపించారు. సెక్షన్ గీసేటప్పుడు లైను చివర, బఫర్, నేల మట్టం, కింద ఏముంది, ఈ నాలుగూ ఒకే బొమ్మలో పడేలా చూసుకోండి.


అరండల్‌పేట_ఆర్చి:

షెడ్ల సంగతి నేను చెబుతాను. ఒక్క మాటలో చెప్పాలంటే పొగ.

1890ల్లో అమెరికన్లు కూడా పోటీలు పడి పెద్ద ఆర్చీలు కట్టారు. ఫిలడెల్ఫియా బ్రాడ్ స్ట్రీట్ స్టేషన్‌లో 1893లో కట్టిన షెడ్డు ఒకే దూకులో 300 అడుగులు. మధ్యలో ఒక్క స్తంభం లేదు. సెయింట్ లూయిస్ షెడ్డు మొత్తం వెడల్పు సుమారు 600 అడుగులు, దాని కింద ముప్పైకి పైగా లైన్లు. ఇది ఒకే దూకు కాదు, పక్కపక్కనే పెట్టిన కొన్ని దూకులు, అందుకే ఎత్తు తక్కువ. ఇంజినీరు పేరు జార్జ్ పెగ్రామ్. హాలు భాగం కట్టింది థియొడర్ లింక్. షెడ్డుకి ఇంజినీరు, ముందున్న బిల్డింగుకి ఆర్కిటెక్టు, ఇద్దరి డ్రాయింగులూ కలిసే గీత దగ్గరే నీళ్లు కారడం మొదలవుతుంది. ఆ జాయింటుని గమనించి గీయండి.

ఇక పొగ పని. బొగ్గులో గంధకం ఉంటుంది. అది కాలిన వాయువు ఇంజిన్ వదిలిన ఆవిరి తడితో కలిస్తే ఆమ్లం. అది పైకి పోయి ట్రస్సుల, అంటే కప్పు మోసే ఉక్కు చట్రాల, అడుగుభాగాన పేరుకుంటుంది. ఆ ట్రస్సులు చిన్న చిన్న పట్టీలు రివెట్లతో కుట్టిన జాలీ పని, ప్రతి జాయింటులోనూ మసి ఇరుక్కుంటుంది. కింద రాత్రీ పగలూ బండ్లు, పరంజా కట్టి రంగు వేయడానికి లైను ఎప్పుడు ఖాళీ? అద్దాలు నల్లబడితే వెలుతురు కోసం పెట్టిన అద్దం కిందే పట్టపగలు దీపాలు వెలిగించాలి. బోస్టన్ సౌత్ స్టేషన్ షెడ్డుని తుప్పు దెబ్బకి 1930లో విప్పేశారు, అప్పటికి దాని వయసు ముప్పై ఏళ్లు. బ్రాడ్ స్ట్రీట్ షెడ్డు 1923లో మంటల్లో పోయింది. ఆ తరహా ఒకే దూకు షెడ్లలో అక్కడ నిలబడినది ఫిలడెల్ఫియాలోనే ఉన్న రీడింగ్ టెర్మినల్, 1893 నాటిది. లైన్లు పై అంతస్తులో, కింద కూరగాయలు, మాంసం అమ్మే బజారు. బండ్లు ఆగిపోయాయి, బజారు ఇంకా నడుస్తోంది.

దీనికి మందు కనిపెట్టినవాడు లింకన్ బుష్ అనే ఇంజినీరు. 1907లో తెరిచిన హోబోకెన్ టెర్మినల్లో ఆయన వేసిన కప్పు చాలా తక్కువ ఎత్తు. ప్రతి లైనుకీ సరిగ్గా పైన కప్పులో పొడవునా ఒక చీలిక వదిలేశాడు. ఇంజిన్ పొగగొట్టం మూతి ఆ చీలికకి దాదాపు అందేంత దగ్గరగా ఉంటుంది. పొగ లోపల తిరగకుండానే బయటికి పోతుంది. చీలిక అంచులు కాంక్రీటు, ఎందుకంటే పొగ నేరుగా తగిలేది అక్కడే. ప్లాట్‌ఫారం పైన అద్దాలు. స్తంభాలు ప్లాట్‌ఫారం మీద దగ్గర దగ్గరగా, దూకులు చిన్నవి, ఉక్కు ఖర్చు తక్కువ. చీలికలోంచి వాన కూడా పడుతుంది కానీ పడేది పట్టాల మీద, జనం మీద కాదు. ఆ తర్వాత పెద్ద ఆర్చీ షెడ్డు కట్టించుకునే కంపెనీ దాదాపు లేకుండా పోయింది.

ఇంకా చవకగా కావాలంటే గొడుగు కప్పు. ప్లాట్‌ఫారం మధ్యన ఒకే వరస స్తంభాలు, రెండు వైపులా రెక్కలు. రెక్కలు పైకి లేస్తే సీతాకోకచిలుక. బెజవాడలోనూ గుంటూరులోనూ ప్లాట్‌ఫారం మీద తలెత్తి చూస్తే ఈ కుటుంబపు కప్పులే. సీతాకోకచిలుక రకంలో వాననీళ్లు పెట్టె మీదకి కాకుండా మధ్య కాలువలోకి వచ్చి, స్తంభం పక్కనో లోపలో ఉన్న గొట్టంలోంచి దిగుతాయి. ఆ గొట్టం మూతికి ఆకులూ కాకిగూడు పుల్లలూ అడ్డం పడితే నీళ్లు నిలిచి, రేకు అతుకుల్లోంచి సరిగ్గా బెంచీ మీదే కారతాయి. కాబట్టి మీ రెండో షీటులో రెండు స్టేషన్ల కప్పు సెక్షన్లూ పక్కపక్కన వేసి, పొగ ఎటు, వాన ఎటు అని బాణాలు పెట్టండి. చాలు.


లైన్‌క్లియర్:

ఆర్చి గారూ, చిన్న చేర్పు. డీజిల్, కరెంటు వచ్చాక బుష్ షెడ్డు చీలికలకి పనిలేదు. కానీ కప్పు వయసు మాత్రం అయింది కాబట్టి ఆ కాంక్రీటు పెచ్చులు ఊడటం, లోపలి కడ్డీ తుప్పు, ఇవే ఇప్పటి రిపేర్లు. అక్కడ చలికాలంలో నీరు గడ్డకట్టి కరిగే దెబ్బ కూడా తోడవుతుంది, మనకా బెడద లేదు.


నల్లపాడు_లూప్:

పెద్ద స్టేషన్ల గురించే అందరూ రాస్తున్నారు. చిన్న ఊరి డిపో చదవడం నేర్చుకుంటే పెద్దది దానంతటదే అర్థమవుతుంది.

ఒకే కప్పు కింద మూడు ముక్కలు. ఒక కొసన వెయిటింగ్ రూము, మధ్య ఆఫీసు, రెండో కొసన సరుకు గది. ఆఫీసు కిటికీ లైను వైపు బయటికి పొడుచుకుని ఉంటుంది, మూడు పక్కలా అద్దం. అందం కోసం కాదు. టెలిగ్రాఫ్ బల్ల దగ్గర కూర్చున్నవాడు లేవకుండా లైనుకి అటూ ఇటూ చూడాలి. ఆ కిటికీ దగ్గరే కర్ర సిగ్నలు, దాని లివరు లోపల. దూరంగా కూర్చుని ఏ బండి ఎప్పుడు కదలాలో చెప్పే డిస్పాచర్ తంతిలో పంపిన ఆర్డర్ని ఇతను కాగితం మీద రాసి బండికి అందించాలి. 31వ నంబరు ఫారం అయితే బండి ఆగి సంతకం పెట్టాలి, 19వ నంబరు అయితే కదిలే బండికే పొడవాటి కర్రకి తగిలించి అందించేయొచ్చు. సింగిల్ లైన్లో మన పాయింట్స్‌మన్ టోకెన్ రింగు అందించడం చూసినవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. తేడా ఒకటే: మన టోకెన్ ఒక వస్తువు, మిషన్లోంచి ఒకసారి ఒకటే వస్తుంది. వాళ్ల ఆర్డరు కాగితం, తప్పు రాస్తే తప్పే పోతుంది.

ఎత్తులు చూడండి. మనుషులు ఎక్కే వైపు ప్లాట్‌ఫారం దాదాపు పట్టాల మట్టమే, సరుకు గది నేల మాత్రం వ్యాగన్ నేల మట్టానికి, పట్టా పైన సుమారు 4 అడుగులు. ఒకే బిల్డింగులో ఈ రెండు మట్టాలూ కలిసేచోట వాలు ఉంటుంది. చూరు గోడ దాటి బాగా బయటికి వస్తుంది, దాన్ని గోడలోంచి ఏటవాలు కర్రలతో నిలబెడతారు తప్ప ప్లాట్‌ఫారం మీద స్తంభం పెట్టరు, సామాను బండి తోసుకుపోవడానికి అడ్డం కాబట్టి. 1880ల్లో బోస్టన్ అండ్ ఆల్బనీ కంపెనీకి హెచ్.హెచ్. రిచర్డ్‌సన్ కట్టిన రాతి డిపోల్లో ఈ చూరే మొత్తం అందం. మిగతా కంపెనీలు నంబరు వేసిన స్టాండర్డ్ ప్లాన్లు పెట్టుకుని ఊరూరా అదే దించాయి. సదరన్ పసిఫిక్ వారి 22వ నంబరు ప్లాన్లో మేడ మీద ఏజెంటు కాపురం కూడా.

దక్షిణ రాష్ట్రాల డిపో ప్లాన్లలో వెయిటింగ్ రూములు రెండు కనబడితే ఒకటి ఆడవాళ్లదని తొందరపడి రాయొద్దు. తెల్లవాళ్లకొకటి, నల్లవాళ్లకొకటి, మధ్యలో రెండు వైపులా కిటికీలున్న ఒకే టికెట్ ఆఫీసు. వేరుగా కూర్చోబెట్టడం చట్టబద్ధమేనని 1896లో వాళ్ల సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు రైలు పెట్టె కేసులోనే. ప్లాన్లో ఆ గోడ గీసి పేరు రాయకపోతే చరిత్ర సగం దాచినట్టు.

గడియారం గురించి ఒక ముక్క. 1883 నవంబరు 18 దాకా అమెరికాలో ఏ ఊరి టైము ఆ ఊరిది. ఆ రోజు రైల్వే కంపెనీలే కూడబలుక్కుని ప్రామాణిక టైము మొదలుపెట్టాయి, ప్రభుత్వ చట్టం 1918లో గానీ రాలేదు. స్టేషన్ గోపురం మీద గడియారం అందుకే అంత పెద్దది. ఊరికి టైము చెప్పేది రైల్వే. మన రైళ్లు కూడా ఒకప్పుడు మద్రాసు టైముతోనే నడిచాయి.


స్కెచ్_కృష్ణలంక:

అందరికీ ధన్యవాదాలు. సరుకు గది మట్టం సంగతి అసలు తట్టలేదు. హాలు, పెన్ స్టేషన్ ప్రశ్నలు మిగిలాయి. గ్రాండ్ సెంట్రల్ వదిలేయమంటారా?


గుణదల_గూడ్స్:

వదిలేయండి. అది భూమిలో రెండంతస్తుల స్టేషన్, 44 ప్లాట్‌ఫారాలు, 67 లైన్లు. బెజవాడ నేల మీద 10 ప్లాట్‌ఫారాలు. ఏం పోలుస్తారు? కానీ అది అలా ఎందుకయిందో తెలుసుకోవాలి, ఎందుకంటే మీ హాలు ప్రశ్నకి జవాబు అందులో ఉంది.

1902 జనవరి 8న పార్క్ అవెన్యూ కింద సొరంగంలో పొగకి సిగ్నలు కనబడక ఒక బండి ఆగి ఉన్న బండిని గుద్దింది, 15 మంది పోయారు. 1908 జులై నుంచి మన్‌హాటన్‌లోకి ఆవిరి ఇంజిన్ రాకూడదని చట్టం వచ్చింది. చీఫ్ ఇంజినీరు విలియం విల్గస్ లెక్క ఇలా ఉంది: ఎలాగూ కరెంటు పెట్టాలి. కరెంటుకి పొగ లేదు. పొగ లేకపోతే లైన్ల మీద కప్పు వేసేయొచ్చు. కప్పు మీద మేడలు కట్టుకునే హక్కు అమ్మితే స్టేషన్ ఖర్చు వస్తుంది. కరెంటు అందించే 660 వోల్టుల మూడో పట్టా వేశారు, దూరపు బండ్లు పైన, లోకల్ బండ్లు కింద. 1913 ఫిబ్రవరి 2న తెరిచారు. పార్క్ అవెన్యూ మేడల స్తంభాలు ఇప్పటికీ కింద లైన్ల మధ్య ఎక్కడ చోటుంటే అక్కడ దిగుతాయి. మెట్లకి బదులు వాలు దారులు పెట్టారు. పెట్టె మోసుకొచ్చే మనిషి ఆగకుండా దిగిపోతాడు. రీడ్ అండ్ స్టెమ్ అనే ఆర్కిటెక్టుల ఆలోచన అది. ముందువైపు అలంకారం వారెన్ అండ్ వెట్‌మోర్‌ది.

ఇప్పుడు హాలు. మన దగ్గర ప్లాట్‌ఫారమే వెయిటింగ్ హాలు. టీ అక్కడే, ఇడ్లీ పొట్లం అక్కడే, దుప్పటి పరుచుకునేదీ అక్కడే, సాగనంపేవాళ్లూ అక్కడి దాకా వస్తారు. అందుకే మన ప్లాట్‌ఫారం వెడల్పు, హాలు చిన్నది. అమెరికాలో తిరగేసి చేశారు. బండి ఎక్కే టైము అయ్యేదాకా గేటు తీయరు. జనమంతా హాల్లో ఉండాలి, ప్లాట్‌ఫారం లగేజీ బండ్లకి, మెయిలు సంచులకి. పెద్ద పెట్టెలు పాసింజరు మోయడు, కౌంటర్లో ఇచ్చి ఇత్తడి బిళ్ల తీసుకుంటాడు, దాని జత బిళ్ల పెట్టెకి తగిలిస్తారు. కాబట్టి హాలు వెయ్యి మంది కూర్చునేంత, ప్లాట్‌ఫారం సన్నం. మూడో షీటులో రెండు స్టేషన్లకీ జనం ఆగే చోటు ఒక రంగు, సామాను నడిచే దారి ఒక రంగు వేయండి. ఫోటోల్లో మీకు కనబడని బండి అప్పుడు కనబడుతుంది.

రోమన్ రూపానికి వేరే కారణం ఉంది. 1893 షికాగో ప్రదర్శనలో తెల్లటి స్తంభాల మేడలు చూసి దేశమంతా ఆ మోజులో పడింది. ఆ పనులు నడిపించిన డేనియల్ బర్నమే తర్వాత వాషింగ్టన్ యూనియన్ స్టేషన్ కట్టాడు, 1907లో తెరిచారు. దాని హాలుకి నమూనా డయోక్లీషియన్ స్నానశాలలు. మెకిమ్, మీడ్ అండ్ వైట్ వాళ్ల పెన్ స్టేషన్‌కి కారకల్లా స్నానశాలలు. అన్నీ ఇలాగే అనుకోకండి. సెయింట్ లూయిస్ కోటలా ఉంటుంది. 1933 సిన్సినాటి అర గోపురం, వెడల్పు 180 అడుగులు, పాత రేడియో పెట్టెలా ఉంటుంది. 1939 లాస్ ఏంజలస్ తెల్ల గోడలు, పెంకులు, లోపల తోట.

ఇక్కడ విద్యార్థులు చేసే తప్పు ఒకటి చెప్పాలి. ఆ కమాను కప్పు చూసి గోల్ గుంబజ్ లాగా దళసరి కట్టుబడి గీసేస్తారు. వాషింగ్టన్ కప్పయినా గ్రాండ్ సెంట్రల్ నక్షత్రాల కప్పయినా ఉక్కు ట్రస్సులకి వేలాడదీసిన ప్లాస్టరు. అసలు కప్పు ఇంకా పైన ఉంటుంది, మధ్యలో మనిషి నడిచే ఖాళీ. పెన్ స్టేషన్ వెయిటింగ్ రూములో కింద నిజమైన ట్రావర్టీన్ రాయి, పైకి పోయేకొద్దీ దాని రంగు వేసిన ప్లాస్టరు. నిజంగా బరువు మోసే పలచని కమాను కావాలంటే గుస్తవీనో పెంకుల పని చూడండి. పలచని పెంకుల్ని రెండు మూడు పొరలు, అతుకు మీద అతుకు పడకుండా, సిమెంటుతో అతికిస్తూ, కింద పెద్ద చెక్క అచ్చు లేకుండానే లేపుకుపోతారు. మన మద్రాసు టెర్రస్ గుర్తొస్తుంది కానీ అది కాదు. మనది దూలాల మీద నిలబడే ఇటుక, ఇది తనంతట తనే నిలబడే గుల్ల. గ్రాండ్ సెంట్రల్లో ఆయిస్టర్ బార్ ముందు ఒక మూల గోడకి చెప్పిన గుసగుస ఎదురు మూలకి వినబడేది ఆ వంపు వల్లే.


అరండల్‌పేట_ఆర్చి:

పెన్ స్టేషన్ ప్రశ్న మిగిలింది. అది పాతబడి పడగొట్టలేదు. 1950ల్లో జనం కార్లకీ విమానాలకీ పోయారు, కంపెనీకి నష్టాలు. ఊరి నడిబొడ్డున 8 ఎకరాల స్థలంలో మేడ మీద మేడ లేదు, ఉత్త గాలి. విల్గస్ అమ్ముకున్న పై హక్కుని ఇక్కడ ఆలస్యంగా అమ్మారు. లైన్లు, ప్లాట్‌ఫారాలు వీధి కింద ఉన్నాయి కాబట్టి పైనున్నదాన్ని తీసేసినా బండ్లు ఆగవు, కూలగొట్టడం సులువయింది కూడా అందుకే. 1963 అక్టోబరు 28న మొదలుపెట్టారు, పైన మాడిసన్ స్క్వేర్ గార్డెన్ లేచింది. ఆ గొడవ మీద 1965లో న్యూయార్క్‌లో పాత కట్టడాల రక్షణ చట్టం వచ్చింది. గ్రాండ్ సెంట్రల్ మీద టవరు కడతామన్న కంపెనీ 1978లో సుప్రీంకోర్టులో ఓడింది ఆ చట్టం వల్లే.

నిలిచినవాటికి కొత్త ప్రాణం పోయడం కూడా తేలిక కాదు. వాషింగ్టన్ హాలు మధ్య నేల తవ్వి 1976లో సందర్శకుల కేంద్రం పెట్టారు. జనం ఆ గుంతలో బొమ్మలు చూడాలి, బండి ఎక్కేవాళ్లు చుట్టూ తిరిగి వెనక్కి పోవాలి. రెండేళ్లకే మూతబడింది. వాన కారి ప్లాస్టరు రాలుతుంటే 1981లో బిల్డింగే మూసి, బాగుచేసి 1988లో తెరిచారు. సిన్సినాటిలో ఎత్తయిన గూడ్స్ బండ్లకి అడ్డమని 1974లో కాన్‌కోర్సు కొట్టేశారు, అందులోని మొజాయిక్ బొమ్మలు మాత్రం విప్పి విమానాశ్రయానికి తరలించారు. డెట్రాయిట్ మిషిగన్ సెంట్రల్ ఊరి మధ్య నుంచి దూరంగా ట్రాముని నమ్ముకుని కట్టిన స్టేషన్, ట్రాము పోయాక దిక్కులేనిదయింది. 1988లో ఆఖరి బండి, 2018లో ఫోర్డ్ కంపెనీ కొంది, 2024లో మళ్లీ తెరిచారు. బండి మాత్రం రావడం లేదు.


స్కెచ్_కృష్ణలంక:

అయితే వాషింగ్టన్ ఖాయం చేస్తాను. అక్కడ కూడా కొన్ని లైన్లు ఆగిపోతాయి, కొన్ని కింద నుంచి దాటిపోతాయని చదివాను. స్కేలు ఎంత పెట్టాలి?


లైన్‌క్లియర్:

మంచి ఎంపిక. పై మట్టం లైన్లు గోడ దగ్గర ఆగుతాయి, కింది మట్టంవి సొరంగంలోంచి దక్షిణానికి పోతాయి. ఇంకో పోలిక కూడా దొరుకుతుంది. న్యూయార్క్ నుంచి కరెంటు ఇంజిన్‌తో వచ్చిన బండికి వర్జీనియా వైపు పోయేటప్పుడు డీజిల్ తగిలిస్తారు. బెజవాడలో ఇంజిన్ మారేది దిక్కు కోసం, అక్కడ తీగ లేక.

స్కేలు ముందు కొలతలు ఒకే యూనిట్‌లోకి తెచ్చుకోండి. మన గేజి, అంటే పట్టాల మధ్య దూరం, 1676, వాళ్లది 1435 మిల్లీమీటర్లు. మన ఎత్తు ప్లాట్‌ఫారం పట్టా మీద 760 నుంచి 840. వాళ్లది రెండు రకాలు, 8 అంగుళాలు అంటే 203, 48 అంగుళాలు అంటే 1219. వాషింగ్టన్‌లో రెండూ ఉన్నాయి, ఏ లైనుకి ఏదో సరిచూసుకున్నాకే గీయండి. వాళ్ల పెట్టె 85 అడుగులు, 25.9 మీటర్లు. మన ఎల్‌హెచ్‌బీ అనే కొత్త రకం 24 పెట్టెల బండి ఇంజిన్‌తో దాదాపు 600 మీటర్లు. 1:500 పెడితే బండే 120 సెంటీమీటర్లు, ఏ1 కాగితం పొడవు 84. కాబట్టి ప్లాను 1:1000. బండి 60 సెంటీమీటర్లకి దిగుతుంది, వాషింగ్టన్ కాన్‌కోర్సు 760 అడుగులు 23 సెంటీమీటర్లు. హాలు సెక్షన్ 1:200, 96 అడుగుల కప్పు 15 సెంటీమీటర్లలోపే. లైన్లు విచ్చుకునే గొంతు భాగం 1:2000లో వేరే షీటు మీద వేయండి, దాన్ని 1:1000లో ఇరికించబోతే తారాపేట వైపు సగం కాగితం బయటే ఉంటుంది.

పాత అమెరికా కట్టడాల కొలత డ్రాయింగులు, ఫోటోలు వాళ్ల లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ సైటులో ఉచితం. 1933 నుంచి సర్వే చేసి పెట్టారు. అన్నిటికీ డ్రాయింగులు ఉండవు, కొన్నిటికి ఫోటోలూ రాతకోతలే. డ్రాయింగ్ దొరికితే దాని మీద అచ్చయిన అడుగుల స్కేలు గీతనే కొలిచి వాడండి. దింపుకున్న ఫైలు ప్రింటు తీసేటప్పుడు సైజు మారిపోతుంది, రాసి ఉన్న స్కేలు నమ్మితే హాలు మొత్తం తప్పు వస్తుంది.